దిగులు పుట్టిన తేదీ

తిరుపతి బస్టాండులో దిగిన ఓబులేసు చేతుల్లో రెండు అట్టపెట్టెలున్నాయి. కడప నుంచి దారి పొడుగునా వాటిని ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. పైన సామాన్ల అరలో పెడితే కుదుపులకు ఏమవుతాయోనని భయం. అరవై ఆరేళ్ళ మనిషి. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి, సర్వీసు ఇంకా మిగిలుండగానే మానేశాడు. ఆటో ఎక్కి, ఊరి చివర నాడీ పరిశోధన కేంద్రానికి పోనిమ్మన్నాడు.

కేంద్రంలో డాక్టర్ వకుళ పెట్టెల తాళ్ళు విప్పి చూసింది. ఒక పెట్టె నిండా క్యాసెట్లు. ప్రతిదాని మీదా నీలం సిరాతో నెల, సంవత్సరం రాసి ఉన్నాయి. రెండో పెట్టెలో సీడీలు, అరచేతిలో పట్టే రికార్డరు ఒకటి, పాత ఫోను.

"ఇదంతా మీ ఆవిడ గొంతేనా?"

"అంతా ఆమెదే మేడమ్. తొంభై ఐదులో ఆమె రేడియోలో చేరినప్పటి నుంచి మానేసిందాకా. పొద్దున ఐదు యాభై ఐదుకు రేడియో తెరుస్తూనే చెప్పే మాటలు. ఆమె డ్యూటీ ఉన్న ప్రతి పొద్దూ నేను ముందే లేచి రికార్డు చేసి పెట్టినా."

"ఎందుకు?"

ఓబులేసు కొంచెం సిగ్గుపడ్డాడు. "మొదట్లో మురిపెం. తర్వాత అలవాటైపోయింది."

వకుళ పదేళ్ళుగా వెతుకుతున్నది ఇలాంటి దాని కోసమే. పార్కిన్సన్స్ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందిని కుంగుబాటు కూడా పట్టుకుంటుంది. చేతులు వణుకుతున్నాయే, నడక పోయిందే అన్న బాధ వల్ల వచ్చేది మాత్రమే కాదది. కొందరిలో వణుకు కన్నా ఏళ్ళ ముందే, మెదడులో జబ్బు మొదటి అడుగు వేసినప్పుడే వచ్చి కూర్చుంటుంది. ఆ ఏళ్ళలో ఎవరికీ అది జబ్బని తెలియదు. మనిషి మారిపోయిందంటారు, పొగరంటారు, ఇంట్లోవాళ్ళ మీద మనసు విరిగిందంటారు.

వకుళ బృందం తయారుచేసిన యంత్రం పేరు స్వరరేఖ. కష్టం వచ్చి ఏడ్చిన మనిషి గొంతు కొన్నాళ్ళు జీరపోయి మళ్ళీ తేరుకుంటుంది. జబ్బు తెచ్చిన దిగులు అలా కాదు. దీర్ఘాలు పొట్టివవుతాయి, మాటకూ మాటకూ నడుమ ఊపిరి ఓ పిసరు ఆలస్యమవుతుంది, అంతే. మళ్ళీ తేరుకోదు. చెవికి అందని ఆ తేడాను స్వరరేఖ పట్టుకుంటుంది. కానీ దానికి ఒకే మనిషి, ఒకే రకం మాటలు, ఏళ్ళ తరబడి చెప్పినవి కావాలి. అలాంటివి ఎవరి దగ్గరుంటాయి? ఇవాళ రెండు అట్టపెట్టెల్లో వచ్చాయి.

"ఆ దిగులు ఎప్పుడు మొదలైందో మీ మిషను చెప్తాదా?" అడిగాడు ఓబులేసు.

"రోజు చెప్పలేదు గానీ నెల చెప్తుంది."

"చెప్తే, ముందు నాకు చెప్పండి మేడమ్. ఆమెకు చెప్పేదానికన్నా ముందు."

వకుళ తలెత్తి చూసింది. "అలా కుదరదండీ. మొదట వినే హక్కు ఆమెది. ఎందుకు, ఏమైనా ఉందా?"

"ఏం లేదు. ఊరికే అడిగినా" అని ఓబులేసు లేచాడు.

కడపలో ఎర్రముక్కపల్లిలో వాళ్ళ ఇల్లు. అతను చేరేసరికి హంసవేణి వీధి కిటికీ పక్కన కుర్చీలో, పొద్దున తను కూర్చోబెట్టి వెళ్ళినట్టే ఉంది. పక్కింటామె మధ్యాహ్నం అన్నం పెట్టి వెళ్ళింది. హంసవేణికి అరవై రెండేళ్ళు. పదకొండేళ్ళ కిందట కుడి చేతి బొటనవేలితో మొదలైన వణుకు ఇప్పుడు రెండు చేతులకూ పాకింది. ముఖంలో కండరాలు బిగుసుకుపోయి, నవ్వినా ఏడ్చినా ఒకేలా ఉంటుంది. ఒకప్పుడు ఆటోవాళ్ళు సైతం "మీరు రేడియో హంసవేణమ్మ గదా" అని గొంతు విని గుర్తుపట్టేవాళ్ళు. ఆ గొంతు ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా అందదు.

"ఇచ్చి వచ్చినా" అన్నాడు ఓబులేసు.

హంసవేణి తల ఊపింది. ఏమిచ్చావు, వాళ్ళేమన్నారు అని అడగలేదు. ఆమె దేని గురించీ అడగదు.

అతను చేతులు కడుక్కుని వంటింట్లోకి పోయాడు. వంట అతనిదే. ఆమె తల దువ్వడం, చీర కుచ్చిళ్ళు పెట్టడం, వేళకు మాత్రలు వేయడం అన్నీ అతనివే. ఇలాంటి మొగుడు ఎందరికి దొరుకుతాడు అని వీధిలో ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఓబులేసు తల దించుకుంటాడు. వినయం అనుకుంటారు వాళ్ళు.

అతని తల దిగడానికి కారణం వేరే ఉంది. అది ఇద్దరికే తెలుసు.

రెండువేల తొమ్మిది ఆగస్టులో హంసవేణి పేరిట ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఢిల్లీలో తెలుగు వార్తలు చదివే ఉద్యోగానికి ఆమె పరీక్ష రాసింది, గొంతు పరీక్షకు హైదరాబాదు పోయి వచ్చింది. ఎంపికయ్యారని, ముప్ఫై రోజుల్లో చేరాలని ఉత్తరంలో ఉంది. పోస్టుమాన్ దాన్ని ఓబులేసు చేతికిచ్చాడు. అతను విప్పి చదివి, ఆఫీసుకు తీసుకుపోయి తన బీరువాలో పాత లెడ్జర్ల కింద పెట్టాడు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగా ముప్ఫై రోజులు దాటిపోయాయి. నవంబరులో ఢిల్లీ అధికారి ఒకాయన కడప స్టేషనుకు ఫోన్ చేసి, ఎందుకు చేరలేదమ్మా అని అడిగాడు.

ఆ సాయంత్రం హంసవేణి ఇంటికి వచ్చి, "ఉత్తరం ఏమైనా వచ్చిందా?" అంది. ఓబులేసు ఆఫీసుకు పోయి తెచ్చి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. మడిచింది. "సరేలెండి" అంది. లోపలికి పోయి ఎసరు పెట్టింది.

అంతే. ఆ తర్వాత ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. అరవలేదు, ఏడవలేదు, పుట్టింటికి పోలేదు. రోజు రోజుకూ మాట తగ్గిపోయింది, నవ్వు తగ్గిపోయింది, పాట పూర్తిగా పోయింది. పదకొండేళ్ళ కూతురు ప్రవల్లిక బడిలో బహుమతి తెచ్చి చూపిస్తే "బాగుంది" అని పక్కన పెట్టేసేది. తను చేసిన పనికే ఆమె ఇలా అయిందని ఓబులేసు నమ్మాడు. ఒక్కసారి తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాడు. ఆమె తిట్టలేదు. అందుకని స్నేహితులను మానుకున్నాడు, పేకాట మానుకున్నాడు, వంట నేర్చుకున్నాడు, చివరికి ఉద్యోగం కూడా మానుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ వేయని శిక్ష తనే అనుభవిస్తున్నాడు.

రెండు నెలల తర్వాత వకుళ పిలిపించింది. ప్రొద్దుటూరులో టీచరుగా ఉన్న ప్రవల్లిక సెలవు పెట్టి వచ్చి తల్లినీ తండ్రినీ కారులో తిరుపతి తీసుకుపోయింది.

వకుళ గది గోడ మీది తెరపై ఒక గీత. ఎడమ వైపు నుంచి కొండ అంచులా ఎత్తుపల్లాలతో సాగి, ఒక చోట మొదలుకొని నెమ్మదిగా కిందికి వాలిపోయింది.

"ఇక్కడమ్మా" అంది వకుళ, హంసవేణినే చూస్తూ. "రెండువేల ఎనిమిది జూన్. వణుకు రావడానికి పన్నెండేళ్ళ ముందు. మీ దిగులు అప్పుడు మొదలైంది. బయట నుంచి వచ్చింది కాదు. జబ్బు తెచ్చిందే."

"తొమ్మిది కదా?" ఓబులేసు కుర్చీలోంచి సగం లేచాడు. "ఎనిమిది కాదు మేడమ్, తొమ్మిది. మళ్ళా చూడండి."

"మూడుసార్లు చూశామండీ. వేరే ఊళ్ళో ఉన్న బృందానికి కూడా పంపాం. వాళ్ళకూ అదే వచ్చింది." వకుళ వేలితో తెర మీద ఇంకో చోటు చూపింది. "తొమ్మిది నవంబరులో ఇదిగో, చిన్న గంటు పడింది. ఏదో కష్టం కలిగినట్టుంది. కానీ అప్పటికి ఏడాదిన్నరగా గీత జారుతూనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే ఇక్కడ ఇంకా పెద్ద కుదుపు కనిపించాలి. అప్పుడేమైనా జరిగిందా అమ్మా?"

ఓబులేసు భార్య వైపు చూశాడు.

హంసవేణి తెర వైపు చూస్తూనే ఉంది. "గుర్తు లేదు" అంది.

ప్రవల్లిక ఏడుస్తోంది. "రెండువేల ఎనిమిదిలో నాకు పదేళ్ళు. అమ్మ నాకు జడ వేసేది మానేసింది అప్పుడే. నేనేం తప్పు చేసినానో అని రోజూ బడిలో ఆలోచన చేసేదాన్ని. ఇన్నేళ్ళూ..." అని తల్లి చేయి పట్టుకుంది. ఆ చేయి ఆమె చేతిలో వణుకుతూనే ఉంది.

హంసవేణి పెదవులు కదిపింది. వినడానికి వకుళ వంగవలసి వచ్చింది.

"అయితే డాక్టరమ్మా, నా ఏడుపు కూడా నాది కాదా?"

"మొదలు జబ్బుదమ్మా."

"మొదలు సరే. అంతా దానిదేనా? ఏది దానిది, ఏది నాది?"

వకుళ తెర వైపు చూసింది. ఇరవై ఏళ్ళ చదువులో ఈ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు. "అది ఈ యంత్రానికి తెలియదమ్మా" అంది చివరికి.

తిరిగి వచ్చేటప్పుడు ఓబులేసు కారులో వెనక కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళ బరువు దిగిపోయిందని గుండె తేలికపడాలి. పడలేదు. తను చేసిన పని ఆమె దిగులుకు కారణం కాదని గీత చెప్పింది. కానీ ఆ పని తను చేయలేదని చెప్పలేదు. పైగా ఇంకో కొత్త సంగతి తెలిసింది. తను ఉత్తరం దాచింది ఆరోగ్యంగా ఉన్న భార్య దగ్గర కాదు, అప్పటికే జబ్బులో పడి, తిరగబడే సత్తువ లేని మనిషి దగ్గర.

తేదీ తేలాక వైద్యం మొదలైంది. వకుళ బృందం తయారుచేసిన మెత్తటి టోపీని రోజూ పొద్దున ఇరవై నిమిషాలు హంసవేణి తలకు పెట్టాలి. చెవికి వినపడని శబ్ద తరంగాలు దాన్లోంచి మెదడు లోతుల్లో బియ్యపుగింజంత చోటికి పోయి, జబ్బు మొద్దుబార్చిన కణాలను తట్టి లేపుతాయి. మోతాదు ఎంతో తిరుపతి నుంచే నిర్ణయిస్తారు. ఒకటితో మొదలుపెట్టి మూడు వారాల్లో ఆరుకు పెంచారు. వణుకును అది తగ్గించదని, దిగులు ఒక్కదాన్నే తగ్గిస్తుందని, అదైనా ఏడాదో ఏడాదిన్నరో పనిచేస్తుందని వకుళ ముందే చెప్పింది. రోజూ సాయంత్రం ఓబులేసు ఒక కాగితం నింపి తిరుపతికి పంపాలి. తిండి, నిద్ర, మాట, ఏడుపు, కోపం. ఒక్కోదానికి ఎదురుగా ఎన్నిసార్లు, కారణం ఏమిటి అని గళ్ళున్నాయి.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం హంసవేణి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"పప్పులో ఉప్పు లేదు" అంది.

ఓబులేసు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఉప్పు లేకపోవడం ఇది మొదటిసారి కాదు. ఆమె చెప్పడం మొదటిసారి. ఉప్పు తెచ్చి వేసి, వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత రోజులు త్వరత్వరగా మారాయి. కిటికీ తలుపు తీయమంది. కూతురికి తనే ఫోన్ చేయించుకుంది. పక్కింటామె చెప్పిన ఏదో మాటకు కిసుక్కున నవ్వింది. గొంతు పెరిగింది. ముఖం బిగుసుకునే ఉన్నా కళ్ళలోకి మనిషి వచ్చింది.

కోపం కూడా వచ్చింది.

ఒక ఆదివారం ప్రవల్లిక ఇంట్లో ఉండగానే జరిగింది. ఓబులేసు ఎప్పటిలాగే భార్య పళ్ళెంలో అన్నం, పప్పు, నెయ్యి కలిపి ముందు పెట్టాడు. హంసవేణి మోచేత్తో పళ్ళేన్ని తోసేసింది. అన్నం నేల మీద చిందింది.

"ఎవరు కలపమన్నారు నిన్ను? నన్ను అడిగినావా?"

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె అతన్ని 'నువ్వు' అన్నది లేదు.

"పప్పే కావాలో పెరుగే కావాలో నన్ను అడిగినావా? ఎప్పుడన్నా దేనికన్నా అడిగినావా నన్ను?" గొంతు వీధిలోకి పోయింది. పదేళ్ళుగా ఎవరూ వినని గొంతు.

మరుసటి వారమంతా అదే. జడ గట్టిగా వేస్తే అడిగినావా అంది. కిటికీ మూస్తే అడిగినావా అంది. చీర తీసి ఇస్తే అదే మాట. ప్రతి సాయంత్రం ఓబులేసు కాగితంలో కోపం దగ్గర నాలుగు, ఆరు, తొమ్మిది అని రాశాడు. కారణం అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు.

ఇద్దరే ఉన్న ఒక ఉదయం, టోపీ తీసిన తర్వాత ఆమె అతని వైపు తిరిగింది. అరవలేదు.

"ఎందుకు దాచినావు ఆ ఉత్తరం?"

ఓబులేసు నేల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు ఎన్నో జవాబులు తయారుచేసి పెట్టుకున్నాడు. పాప చదువు, తన తల్లి ఆరోగ్యం, ఢిల్లీ చలి. ఇప్పుడు అవేవీ నోటికి రాలేదు.

"నేను స్తంభాలెక్కేటోన్ని. బజారుకు పోతే రేడియో హంసవేణమ్మ మొగుడు అంటాండ్రి. నవ్వుతాంటి గానీ లోపల మంటగా ఉన్నింది. నువ్వు ఢిల్లీకి పోతే నేనేమైపోతానో అని భయపడినా. తిరిగి రావేమో అనుకున్యా."

"రానని నువ్వే అనుకున్నావు."

"అవును."

"నన్ను అడగలేదు."

"అడగలేదు."

హంసవేణి తన చేతుల వైపు చూసుకుంది. అవి ఒళ్ళో ఆగకుండా ఆడుతున్నాయి. "ఈ కోపం అప్పుడే వచ్చి ఉంటే ఆ పొద్దే బస్సెక్కి ఉందును. ఉద్యోగం దొరికినా దొరకకపోయినా పోయి ఉందును. సరేలెండి అన్నానే, ఎవరా అన్నది? నేను కాదు. జబ్బు నా నవ్వునే కాదు, నా కోపాన్ని కూడా తినింది. నీకు బాగా కలిసొచ్చింది."

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

ఈ సంగతులేవీ తెలియని ప్రవల్లిక వకుళకు ఫోన్ చేసింది. తల్లి నవ్వుతోందని సంతోషపడిన కొన్నాళ్ళకే, తండ్రి మీద విరుచుకుపడటం చూసి బెదిరిపోయింది. "నాయన దేవుడట్లాంటోడు డాక్టర్ గారూ. ఇరవై ఏండ్లు చంటిబిడ్డను చూసుకున్నట్ల చూసుకున్నాడు. కారణం లేకుండా తిడతాంది అమ్మ. ఆ టోపీ ఎక్కువైందేమో చూడండి."

వకుళ అప్పటికే కాగితాలు చూసి కలవరపడుతోంది. ఈ పరీక్షలో ఉన్న పదిహేడు మందిలో ఇద్దరికి ఇలాగే కోపం వచ్చింది. వాళ్ళిద్దరిదీ నిజంగానే అర్థం లేని కోపం. ఒకాయన టీ చల్లారిందని భార్య మణికట్టు విరగ్గొట్టాడు. మోతాదు తగ్గిస్తే కోపం పోయింది. దిగులు కొంత వెనక్కి వచ్చింది. వకుళ హంసవేణినీ, ఓబులేసునూ, ప్రవల్లికనూ తిరుపతి రమ్మంది.

"ఆరు నుంచి మూడుకు తగ్గిస్తాను" అంది వకుళ. "కోపం ఈ వైద్యంలో దుష్ఫలితంగా రావచ్చని ముందే రాసుకున్నాం. రెండు వారాలు ఇలా ఉంటే తగ్గించాలని నియమం."

"తగ్గించొద్దు" అంది హంసవేణి.

"తగ్గించకపోతే ప్రమాదమమ్మా. ఈ కోపం మీది కాకపోవచ్చు. టోపీది కావచ్చు."

"దిగులేమో జబ్బుదంటివి. కోపమేమో టోపీదంటాండావు. నేను యాడుండా మరి?"

వకుళ ముఖం ఎర్రబడింది. ఓబులేసు నింపిన కాగితాలను బల్ల మీద పరిచింది. "నేను మీ మాట కాదనడం లేదు. కానీ కోపంలో ఉన్నవాళ్ళందరూ తమ కోపం సరైనదే అంటారు. అందుకే దగ్గరుండి చూసేవాళ్ళ మాట కూడా అడుగుతాం. పద్నాలుగు రోజులు, ఎనభై మూడుసార్లు కోపం. కారణం అన్న గడి ఒక్క రోజూ నింపలేదు. ఖాళీగా ఉంటే కారణం లేనట్టే లెక్క. ఓబులేసు గారూ, తగ్గించడానికి మీ సంతకం కావాలి."

కాగితం అతని ముందుకు జరిపింది. పక్కన పెన్ను పెట్టింది.

సంతకం పెడితే చాలు. ఇల్లు మళ్ళీ నెమ్మదిస్తుంది. ఆమె మళ్ళీ కిటికీ పక్కన కూర్చుంటుంది. పప్పులో ఉప్పు లేకపోయినా తింటుంది. కూతురి కళ్ళలో తను దేవుడిగానే మిగిలిపోతాడు. ఓబులేసు తలెత్తి భార్యను చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. ఒక్క మాటతో అంతా బయటపెట్టగలదు. పెట్టడం లేదు. ఇరవై రెండేళ్ళ కిందట అతను ఆమెకివ్వని వీలు, ఏది చేయాలో తనే తేల్చుకునే వీలు, ఆమె ఇప్పుడతనికి ఇస్తోంది.

అతను సంతకం కాగితాన్ని పక్కకు నెట్టి, మొదటి రోజు కాగితం తీసుకున్నాడు. ఖాళీగా ఉన్న గడిలో రాయడం మొదలుపెట్టాడు. గడి చిన్నది. అక్షరాలు పక్కనున్న గళ్ళలోకి పోయాయి. రాసి, కూతురి వైపు తిరిగాడు. ముందు చెప్పవలసింది ఆమెకే అనిపించింది.

"అమ్మా, ప్రవల్లీ, మీ అమ్మ కోపానికి కారణం ఉండాది. నేనే." పెన్ను బల్ల మీద పెట్టాడు. "నీకు పదకొండేండ్లప్పుడు మీ అమ్మకు ఢిల్లీలో వార్తలు చదివే ఉద్యోగం వచ్చింది. ఆ ఉత్తరం నేను దాచినా. గడువు దాటిందాకా దాచినా. అడగలేదు, చెప్పలేదు. ఆమెకు జబ్బు ఎవరు తెచ్చినా, ఉత్తరం దాచింది జబ్బు కాదు. నేను."

ప్రవల్లిక తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నిన్ను చూసి నేను అమ్మ మీద కోపగించుకున్నా నాయనా" అంది మెల్లగా. "ఇంత మంచోన్ని పట్టుకుని ముఖం ముడుచుకుని ఉంటాదే ఈమె అని. ఎన్నేండ్లు అనుకున్నానో." కుర్చీ తల్లి వైపు జరుపుకుంది. మళ్ళీ తండ్రి వైపు చూడలేదు.

వకుళ అతను రాసింది చదివింది. తొందరపడకుండా ఒక్కో ప్రశ్నా అడిగింది. ఈ రెండు వారాల్లో హంసవేణి కూతురిని తిట్టిందా? లేదు. పక్కింటామెను? లేదు. ఇంటికొచ్చినవాళ్ళను? లేదు. వస్తువులు ఊరికే విసిరిందా? ఆ పళ్ళెం ఒక్కటే. చెప్పిన ప్రతి మాటలోనూ 'అడిగినావా' అన్నది ఉందా? ప్రవల్లిక తను విన్నవి గుర్తు చేసుకుని, ఉందని తలూపింది.

వకుళ సంతకం కాగితాన్ని తీసుకుని రెండుగా చింపింది. "ఆరు దగ్గరే ఉంచుదాం. ప్రతి వారం మాట్లాడతాను" అంది. దుష్ఫలితాల పట్టిక తెరిచి, హంసవేణి పేరున్న పదిహేడో నెంబరు దగ్గర కోపం అని ఉన్న మాటను కొట్టేసింది. దాన్ని మరి ఏ పట్టికలో రాయాలో ఆమెకు తెలియలేదు. అలాంటి పట్టిక వాళ్ళ దగ్గర లేదు.

బయటికి వచ్చాక హంసవేణి కారు దగ్గర ఆగింది. "నేను ప్రొద్దుటూరికి పోతాండా, పాప దగ్గరికి. కొన్నాళ్ళుంటా" అంది భర్తతో. "అడిగి పోవడం లేదు. చెప్పి పోతాండా."

"మాత్రలు, టోపీ..." అన్నాడు ఓబులేసు.

"పాప చూసుకుంటాది."

అతను బస్సులో ఒంటరిగా కడప వచ్చాడు.

ప్రొద్దుటూరులో హంసవేణి డెబ్బై రోజులుంది. పొద్దున్నే వరండాలో కూర్చుని పేపరు చేతిలో నిలవకపోతే బల్లకు క్లిప్పులు పెట్టించుకుని, వార్తలు పైకి చదివేది. మొదట ప్రవల్లిక ఒక్కతే వినేది. తర్వాత మేడమీద అద్దెకున్న ముసలాయన, చూపు సరిగా లేనివాడు, కుర్చీ తెచ్చుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మధ్యలో గొంతు పట్టుకుపోయేది. మళ్ళీ అందుకునేది. సాయంత్రాలు కూతురిని కింద కూర్చోబెట్టుకుని జడ వేయడానికి ప్రయత్నించేది. వేళ్ళు మాట వినక పాయలు జారిపోయేవి. ముప్ఫై మూడేళ్ళ కూతురు కదలకుండా కూర్చునేది.

ఓబులేసు ఫోన్ చేయలేదు. చేయొద్దని ఆమె అనలేదు గానీ, చేయమనీ అనలేదు. ప్రవల్లిక వారానికోసారి ముక్తసరిగా బాగోగులు చెప్పి పెట్టేసేది. ఆమె అతన్ని మళ్ళీ మునుపటిలా నాయనా అని నోరారా పిలవడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

డెబ్బై ఒకటో రోజు హంసవేణి తిరిగి వచ్చింది. క్షమించానని అనలేదు. అతను అడగనూ లేదు. ఆ ఇంట్లో మాత్రం మాట మొదలైంది. ఏం వండాలో అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. ఢిల్లీలో ఉండి ఉంటే ఏ వీధిలో ఇల్లు తీసుకుని ఉండేదో ఒకనాడు చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు. కొన్ని రోజులు పోట్లాడుకున్నారు కూడా.

వకుళ చెప్పిన గడువు కన్నా రెండు నెలలు ఎక్కువే పనిచేసింది టోపీ. ఆ తర్వాత మోతాదు పెంచినా మునుపటి ఫలితం కనిపించలేదు. జబ్బు ముందుకు పోయింది. హంసవేణి గొంతు మళ్ళీ సన్నబడింది. కొన్ని ఉదయాలు లేచి కూర్చున్నా కళ్ళలో ఎవరూ ఉండేవారు కాదు. పాత రోజుల్లాగే అనిపించేది ఇల్లు. ఓబులేసుకు మళ్ళీ భయం పట్టుకుంది. ఆమె మౌనంగా ఉన్నప్పుడల్లా నేనేం చేసినానో అని లోపల వెతుక్కునేవాడు.

ఆషాఢంలో ఒక ఉదయం బయట ముసురు పట్టి ఉంది. అతను కాఫీ తెచ్చి పెట్టి, ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె పెదవులు కదిలాయి. అతను వంగి చెవి పెట్టాడు.

"ఈ పొద్దు దిగులు జబ్బుది" అంది. "నీది కాదు. పోయి పని చూసుకో."

ఓబులేసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలూపి వంటింట్లోకి పోయాడు.

అప్పటి నుంచి ఆమె అలా చెప్పడం మొదలుపెట్టింది. జబ్బుది, జబ్బుది, ఇదీ జబ్బుదే. ఏ యంత్రానికీ తెలియని లెక్క ఆమెకు తెలుస్తున్నట్టుంది. ఓబులేసు ఆ సంగతి ఫోన్లో వకుళకు చెప్పాడు. ఆమె, దాన్ని రాసుకోవచ్చా అని హంసవేణిని అడగమంది. హంసవేణి సరే అంది.

మరో పదిరోజులకు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆమె మళ్ళీ అతన్ని దగ్గరికి పిలిచింది. అతను ఎప్పటిలాగే వంగాడు, ఆ మాటే వింటాననుకుని.

"ఈ పొద్దుది నీదే" అంది హంసవేణి.

ఓబులేసు కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.